అప్పు మూరెడు, ఆస్తి బారెడు

తనఖా దావాలో కొలవాల్సింది అప్పునా, ఆస్తినా? పైకి ఇది గుమాస్తా తేల్చేసే లెక్కలా ఉంటుంది. ప్లెయింటు చివర్లో వాల్యుయేషన్ పేరా ఒకటి రాస్తారు, దాని ప్రకారం కోర్టు ఫీజు కడతారు, ఆఫీసులో చూసి నంబరు వేస్తారు. అక్కడితో ఆ అంకెను అందరూ మరిచిపోతారు. మళ్లీ అది గుర్తొచ్చేది ఓడిపోయాకే. అప్పీలు జిల్లా కోర్టుకా, హైకోర్టుకా, ఆపైన వెళ్లే వీలుందా లేదా అన్నది ఎన్నో ఏళ్ల కిందట రాసిన ఆ అంకే చెబుతుంది. లక్ష రూపాయల అప్పు కింద కోటి రూపాయల పొలం తాకట్టు పడి ఉంటే, ఆ దావా విలువ లక్షా, కోటా అన్నదాన్ని బట్టి కేసు నడిచే దారంతా మారిపోతుంది. ఈ ప్రశ్న మీద ఇద్దరు వాదించుకుంటున్నట్టుగా రాస్తున్నాను. ఒకరు మొఫస్సిల్ కోర్టులో రైతుల తరఫున తనఖా దావాలు నడిపే ప్లీడరు. కొలత ఆస్తి మీదే ఉండాలన్నది ఆయన పట్టు. రెండోవారు రిటైరైన జిల్లా జడ్జి. అప్పు మీదే ఉండాలంటారు. నా మొగ్గు జడ్జిగారి వైపే, కాని చివరిదాకా కాదు.

ప్లీడరు: జడ్జిగారూ, ఒక దావా ఊహించండి. 1962లో రాసుకున్న స్వాధీన తనఖా. అసలు 4,000 రూపాయలు, భూమి రెండెకరాల మాగాణి. వడ్డీ బదులు ఫలసాయం అనుభవించాలని షరతు. రాసిచ్చినాయన మనవడు ఇప్పుడు ఆ 4,000 కట్టి పొలం విడిపించుకుంటానని దావా వేశాడు. కాలదోషం పట్టిందని కొట్టేయడానికి లేదు. స్వాధీన తనఖాలో దస్తావేజు రాసిన రోజు నుంచి ముప్పయ్యేళ్లు లెక్కపెట్టకూడదని, బాకీ తీరినప్పుడో, కట్టబోయినప్పుడో గడువు మొదలవుతుందని 2014లో సింగ్ రామ్ వర్సెస్ షియో రామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈలోగా ఊరి పక్కగా రోడ్డు పడి ఆ పొలం కోటి పలుకుతోంది. మీ కొలత ప్రకారం ఈ దావా విలువ 4,000. జూనియర్ సివిల్ జడ్జి విచారిస్తారు. మొదటి అప్పీలు జిల్లాలోనే ముగుస్తుంది. హైకోర్టుకు రెండో అప్పీలు వేస్తే, సాక్ష్యం జోలికి రావద్దు, గట్టి న్యాయ ప్రశ్న ఏదైనా ఉంటే చెప్పమంటారు. అదే పొలాన్ని పక్క రైతు ఆక్రమించుకున్నాడనుకోండి. స్వాధీనం కోసం వేసే దావాకు మార్కెట్ విలువే ఆధారం కాబట్టి అది జిల్లా కోర్టులో పడుతుంది, అప్పీలు నేరుగా హైకోర్టుకు వెళ్తుంది, అక్కడ సాక్ష్యమంతా మళ్లీ చదువుతారు. పొలం ఒక్కటే, పోతే పోయేదీ ఒక్కటే. ఒక దావాకు కోటి, ఇంకోదానికి నాలుగు వేలు అనడం ఏం న్యాయమండీ?

జడ్జి: ప్లీడరుగారూ, ఆ రెండు దావాల్లో అడుగుతున్నది ఒకటి కాదు, అక్కడే తేడా. ఆక్రమణ దావాలో భూమి ఎవరిదన్నదే తగాదా. తనఖా దావాలో భూమి ఎవరిదన్న పేచీ ఉండదు, ఉండకూడదు. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం తనఖా పెట్టినవాడు ఇచ్చేది భూమిని కాదు, బాకీకి హామీగా అందులో ఒక హక్కును. 60వ సెక్షన్ ప్రకారం బాకీ కట్టి వెనక్కి తీసుకునే హక్కు అతని దగ్గరే ఉంటుంది. వడ్డీకిచ్చినవాడు దావా వేస్తే అడిగేది డబ్బు, పెట్టినవాడు దావా వేస్తే చూపించేది డబ్బు. అందుకే 1870 కోర్టు ఫీజుల చట్టం, విడిపించుకునే దావాకైనా, విడిపించుకునే హక్కును మూసేయమనే దావాకైనా, దస్తావేజులో రాసుకున్న అసలునే ఫీజుకు ఆధారం చేసింది. దావాల విలువ గురించి 1887లో వచ్చిన చట్టం 8వ సెక్షన్‌లో ఒక చిత్రం చేసింది. ఫీజుకు ఏ విలువో, కోర్టు పరిధికీ అదే విలువని మామూలు సూత్రం పెట్టి, కొన్ని రకాల దావాలను దాన్నుంచి మినహాయించింది. ఆ మినహాయింపుల్లో తనఖా విడుదల దావా కూడా ఉంది. అంటే మీ ప్రశ్నను ఆనాటి చట్టమే తెరిచి వదిలేసింది. అలా వదిలేశాక కూడా కోర్టులు ఎక్కువగా అప్పు వైపే మొగ్గాయి. 1956లో మనం సొంతంగా చేసుకున్న కోర్టు ఫీజుల చట్టం కూడా తనఖా దావాలకు అప్పునే పట్టుకుంది, పొలం ధరను కాదు.

ప్లీడరు: చట్టం అలా రాసి ఉందని నాకూ తెలుసు. అది సబబా అనే నేనడుగుతున్నది. ఓడినవాడి కళ్లతో చూడండి. 1862లో మాక్‌ఫార్లేన్ వర్సెస్ లెక్లేర్ అనే కెనడా కేసులో ప్రీవీ కౌన్సిల్ ఏం చెప్పింది? అప్పీలుకు వచ్చినవాడి మీద ఆ తీర్పు దెబ్బ ఎంత పడిందో అదే విలువ అంది. 1888లో ఆలన్ వర్సెస్ ప్రాట్ కేసులో అదే సూత్రాన్ని పట్టుకుంది. అక్కడ గాయపడ్డ పనివాడు 5,000 డాలర్లు అడిగాడు, వచ్చింది 1,100. యజమాని అప్పీలుకొస్తే నీకు పడ్డ దెబ్బ 1,100 మాత్రమే, అడిగిన 5,000 కాదు అని తేల్చేసింది. ఆ సూత్రాన్ని నా దావాకు వేయండి. మనవడు ఓడితే పోయేది నాలుగు వేలా? నాలుగు వేలు అతని జేబులోనే ఉంటాయి, పోయేది పొలం. కోటిలోంచి నాలుగు వేలు తీసేయండి, అదీ అతని మీద పడ్డ దెబ్బ.

ఈ దెబ్బకు జడ్జిగారు తడబడతారనుకుంటే పొరపాటు. ప్రీవీ కౌన్సిల్ సూత్రాన్ని ఆయన కాదనరు. దాన్ని ఎక్కడ వాడాలన్నదే ఆయన ప్రశ్న. నా దృష్టిలో ఈ వాదనకు ఇరుసు ఇదే.

జడ్జి: మీరు చెప్పిన సూత్రం నిజమే, కాని దాని పరిణామం చూడండి. మనవడు ఓడితే విలువ కోటి. మనవడు గెలిచి అవతలివాడు అప్పీలుకొస్తే? అతనికి నాలుగు వేలు ముట్టాయి, పొలం మాత్రం పోయింది, అది అతని సొంతం కాకపోయినా. అతనికి దెబ్బ ఎంత? అనుభవిస్తున్న ఫలసాయం విలువా, పొలం విలువా? ఆలన్ వర్సెస్ ప్రాట్‌లోలాగే, ఒకే కేసుకు ఎవరు ఓడితే వారిని బట్టి విలువ మారిపోతుంది. లండన్‌లో కూర్చున్న ప్రీవీ కౌన్సిల్‌కు అది ఇబ్బంది కాలేదు. ఎందుకంటే వారి దగ్గరకు వచ్చేసరికే ఒకరు ఓడిపోయి ఉంటారు. జూనియర్ సివిల్ జడ్జి ఆఫీసులో ప్లెయింటు పెట్టే రోజున ఎవరూ ఓడిపోలేదు. ఆ రోజు ఏ కోర్టు అన్నది తేలాలి. అప్పీలు ఎక్కడికన్నది కూడా ఆ రోజు పడ్డ అంకెనే పట్టుకుని నడుస్తుంది. కాబట్టి అంకెలు రెండు రకాలు. ఒకటి, ఏ కోర్టుకు వెళ్లాలో దారి చెప్పేది. రెండోది, వెళ్లడానికి అసలు వీలుందా లేదా అని తలుపు మూసేది. మొదటిదానికి కావాల్సింది నిలకడ, కాగితం మీద కనబడే అంకె. రెండోదానికి కావాల్సింది న్యాయం, పోయేదెంతో చూసే చూపు. మీరు రెండో రకం అంకెకు సరిపోయే కొలతను తెచ్చి మొదటి రకానికి పెడుతున్నారు.

ఈ రెండో రకం అంకె ఎంత మొండిగా పనిచేస్తుందో చెప్పే కేసు మన నేల మీదే ఒకటి ఉంది. బాపట్ల సబ్ కోర్టులో 1949 ఏప్రిల్‌లో ఒక దావా పడింది. తనఖా దావా అని కాదు, అంకె గురించి చెప్పడానికి తీసుకుంటున్నాను. దావా విలువ 11,400 రూపాయలు. 1950లో సబ్ కోర్టు కొట్టేసింది. అప్పీలు మద్రాసు హైకోర్టులో పడింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, గుంటూరులో హైకోర్టు పెట్టాక అక్కడికి మారి, 1955 మార్చిలో తీర్పు తిరగబడింది. ఓడినవారు సుప్రీంకోర్టుకు వెళ్దామంటే ఆంధ్ర హైకోర్టు అనుమతి ఇవ్వలేదు. రాజ్యాంగంలోని 133వ అధికరణం ప్రకారం 20,000 రూపాయల విలువ ఉండాలి, ఇక్కడ 11,400 మాత్రమే ఉంది. గరికపాటి వీరయ్య కేసుగా పేరుపడ్డ ఆ తగాదాలో 1957లో సుప్రీంకోర్టు, ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ రాసిన తీర్పుతో, నలుగురు ఒక వైపు, ఒకరు ఇంకో వైపు నిలబడి తేల్చింది: దావా వేసిన రోజునే అప్పీలు హక్కు పుడుతుంది, దావా నుంచి ఆఖరి అప్పీలు దాకా అంతా ఒకే నడక. 1949లో 10,000 రూపాయలే గీత, కనుక మధ్యలో వచ్చిన 20,000 గీత వీరిని ఆపలేదు. చట్టపు చిక్కులు పక్కన పెడితే మిగిలేది ఇది: ప్లెయింటు చివరి పేరాలో రాసిన 11,400 అన్న అంకె, రాజ్యాంగం మారి, రాష్ట్రం మారి, హైకోర్టు ఊరు మారాక కూడా కక్షిదారుల వెంటే నడిచింది.

ప్లీడరు: మీరు తలుపు అన్నారు కాబట్టి ఆ తలుపు గురించే అడుగుతాను. 1838లో పెట్టిన 10,000 రూపాయల గీత, 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 110వ సెక్షన్‌గా నిలిచింది, 1950లో 20,000 అయి రాజ్యాంగంలోకి ఎక్కింది. ఆ గీత కింద కూడా, దావా విలువ తక్కువైనా పరోక్షంగా అంత విలువైన ఆస్తి మీద ప్రశ్న ఉంటే చాలన్నారు కదా. చిన్న అప్పు, పెద్ద పొలం అన్న నా దావా సరిగ్గా అందులో పడుతుంది. అంటే ఆస్తి కొలతను మన రాజ్యాంగమే ఒకప్పుడు ఒప్పుకున్నట్టే కదా?

జడ్జి: ఒప్పుకుంది, అది నా మాటకే బలం. 133వ అధికరణంలో రెండు ఖండికలుండేవి. మొదటిది, కింది కోర్టులోనూ ఇప్పటి అప్పీలులోనూ దావా విషయం విలువ 20,000కు తగ్గకూడదనేది. రెండోది, తీర్పు ప్రత్యక్షంగానో, పరోక్షంగానో అంత విలువైన ఆస్తికి సంబంధించిన ప్రశ్నను తడిమితే చాలనేది. 1965లో చిత్తర్‌మల్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ విడదీసి చెప్పింది. దావా విషయం కాకుండా, దానికి అదనంగా ఇంకో ఆస్తి మీద ప్రశ్న ఉంటేనే రెండో ఖండిక పనిచేస్తుందని. డబ్బు కోసం వేసిన దావా వెనక పొలం నిలబడి ఉండడం లాంటిది ఆ చూపులో ఆలోచించదగ్గదే. చూశారా, తలుపు మూసేటప్పుడు చట్టం పోయేదెంతో చూసింది. చివరకు 1972లో 30వ రాజ్యాంగ సవరణ చేసి, 1973 ఫిబ్రవరి 27 నుంచి ఆ విలువ గీతనే చెరిపేశారు. కేసు విలువ పెద్దదైతేనే ప్రశ్న పెద్దదనడం కుదరదని, అందరికీ సంబంధించిన గట్టి న్యాయ ప్రశ్న ఉంటేనే హైకోర్టు సర్టిఫికేటు ఇవ్వాలని మార్చారు. తలుపు మీద అంకె పోయింది. దారి మీద అంకె మిగిలింది. తేడా ఉండబట్టే ఒకటి పోయి ఒకటి మిగిలింది.

ప్లీడరు: దారి అంటూనే తలుపు మూస్తున్నారండీ మీరు. 1976 సవరణ తరవాత రెండో అప్పీలులో వాస్తవాలు చూడరు. చిన్న అంకెతో మొదలైన దావాకు హైకోర్టు సాక్ష్యం వైపు కన్నెత్తే అవకాశం దాదాపు లేదు. పెద్ద అంకెతో మొదలైన దావాకు ఉంది. ఇది దారి ఎలా అవుతుంది, తలుపు కాక?

ఇక్కడ ప్లీడరు వాదన బలహీనమైంది కాదు, దాన్ని పక్కకు తోసేయడానికి లేదు. అయితే ఒక లెక్క మరిచిపోతున్నారు. చిన్న అంకె దావాలో వాస్తవాలు రెండుసార్లు చదువుతారు: ఒకసారి జూనియర్ సివిల్ జడ్జి, రెండోసారి పై కోర్టు జడ్జి. పెద్ద అంకె దావాలోనూ రెండుసార్లే: ఒకసారి జిల్లా జడ్జి, రెండోసారి హైకోర్టు. చదివేవారి హోదా మారింది, చదివే సార్లు మారలేదు. పైగా మొదటి దారిలో హైకోర్టుకు న్యాయ ప్రశ్న మీద మూడో మెట్టు కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా రైతుకు వాస్తవాల మీద అప్పీలు శ్రీకాకుళంలోనే వినిపించుకోవడం మేలా, అమరావతి దాకా వెళ్లడం మేలా అన్నది హోదాను బట్టి తేలేది కాదు. 1954కు ముందు ఆ రైతు మద్రాసు రైలెక్కాల్సి వచ్చేది. పెద్ద కోర్టు ఎప్పుడూ మంచి కోర్టేనని నమ్మేవారు ఆ దూరాన్ని లెక్కలో వేసుకోరు.

జడ్జి: ఇంకొక ప్రశ్న మీకు. ఆస్తి కొలత పెట్టారనుకుందాం. ధర ఎవరు తేల్చాలి? సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకంలో ఉన్న మార్కెట్ విలువ ఒకటి, ఊళ్లో పలికే ధర ఇంకోటి. ఈ రెండింటి మధ్య ఎంత దూరమో మీకూ నాకూ తెలుసు. తనఖా పెట్టినవాడు జిల్లా కోర్టు కావాలనుకుంటే ఊరి ధర చెబుతాడు, జూనియర్ కోర్టు చాలనుకుంటే పుస్తకం ధర చూపిస్తాడు. అవతలివాడు సరిగ్గా తలకిందులు. కమిషనర్ని వేయాలి, పక్క పొలాల రిజిస్ట్రేషన్లు తేవాలి, మధ్యవర్తుల్ని విచారించాలి. అప్పు ఎంతన్న ప్రశ్నకు రాకముందే పొలం ఎంతన్న దావా నడుస్తుంది. కిరణ్ సింగ్ వర్సెస్ చమన్ పాశ్వాన్ కేసు చదివే ఉంటారు. మోంఘీర్‌లో భూమి కోసం వేసిన దావా అది. వాదులు విలువ 2,950 అని రాశారు. ఓడారు. జిల్లా జడ్జికి అప్పీలు చేసి అక్కడా ఓడారు. పాట్నా హైకోర్టులో రెండో అప్పీలు వేస్తే, అక్కడి ఆఫీసు లెక్కలు చూసి అసలు విలువ 9,980 అని తేలింది. ఐదు వేలు దాటితే మొదటి అప్పీలు హైకోర్టుకే రావాలి. విలువ తక్కువ రాసిన వాదులే లేచి, జిల్లా జడ్జి తీర్పు చెల్లదు, మా అప్పీలు మొదటి అప్పీలుగా వినండి అన్నారు. 1954లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1887 చట్టం 11వ సెక్షన్ ప్రకారం, విలువ తప్పన్న అభ్యంతరం మొదట్లోనే లేవనెత్తాలి, ఆ తప్పు వల్ల తీర్పే చెడిందని చూపించాలి, ఒక కోర్టుకు బదులు ఇంకో కోర్టు విన్నంత మాత్రాన నష్టం జరిగినట్టు కాదు అని చెప్పింది. ఆస్తి విలువ పట్టుకుంటే ప్రతి తనఖా దావా కిరణ్ సింగ్ కేసు అవుతుంది.

ప్లీడరు: సరే, విలువ కట్టడం కష్టమని ఒప్పుకుంటాను. కష్టమైనంత మాత్రాన మానేస్తామా? భాగ పంపకాల దావాలో కట్టడం లేదా, డిక్లరేషన్ దావాలో కట్టడం లేదా? అదటుంచండి, మీరు మొదట్లో ఒక మాటన్నారు: తనఖా దావాలో భూమి ఎవరిదన్న పేచీ ఉండదని. అది సగం నిజం. షరతు విక్రయం సంగతి చెప్పండి. పాతికేళ్ల కిందట ఇద్దరు ఒక కాగితం రాసుకున్నారు. ఇంత డబ్బుకు అమ్మాను, ఇన్నేళ్లలో డబ్బు తిరిగిస్తే పొలం తిరిగి రాసివ్వాలి అని. వాది అది షరతు విక్రయం రూపంలో ఉన్న తనఖా అంటాడు. ప్రతివాది అది అసలైన అమ్మకమే, గడువు దాటింది, పొలం నాది అంటాడు. 1929 సవరణ, షరతు అదే దస్తావేజులో ఉండాలని చెప్పింది. ఉన్నా, ఇద్దరి ఉద్దేశం ఏమిటన్నది దస్తావేజు చదివి తేల్చాల్సిందేనని 1954లోనే చున్‌చున్ ఝా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ దావాలో తేలేది అప్పు కాదు. పొలం ఎవరిదన్నదే తేలుతుంది. అయినా ప్లెయింటులో తనఖా అని రాశాడు కాబట్టి విలువ అప్పు మీదే పడుతుంది. తేలాల్సిన ప్రశ్నకు జవాబు ముందే ఊహించి, ఆ ఊహ మీద కోర్టును ఎంచుకుంటున్నాం.

నా మొగ్గు జడ్జిగారిని వదిలేది సరిగ్గా ఇక్కడే. అప్పు కొలతకు ఆయన చెప్పిన ఆధారమంతా భూమి ఎవరిదో తగాదా లేదన్న దాని మీదే నిలబడింది. ప్రతివాది జవాబులో తనఖానే కాదని, భూమి తనదని చెప్పిన రోజున ఆ ఆధారం కూలిపోతుంది. వాది దావాను ఏ పేరుతో వేశాడన్నదే పరిధిని నిర్ణయిస్తుందన్న సూత్రం మామూలు దావాల్లో సరిపోతుంది, ఎందుకంటే జవాబును బట్టి కోర్టు మారితే ప్రతి ప్రతివాదీ కోర్టు మార్చేస్తాడు. షరతు విక్రయంలో ఆ భయం తక్కువ. తగాదా ప్రతివాది కల్పించింది కాదు, ఇద్దరూ సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది, దాన్ని మొదటి రోజునే కోర్టు ముందు పెడతారు. కాగితం మొహం మీద అమ్మకం అని రాసి ఉన్నప్పుడు కోర్టు పరిధికి అమ్మకం దావా కొలతే పెట్టాలి. జడ్జిగారు దీనికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ చూపిస్తారు. కేసు బరువు చూసి జిల్లా కోర్టో, హైకోర్టో దాన్ని పై కోర్టుకు బదిలీ చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. కాని అది అడగాలి, ఇవ్వాలా వద్దా అన్నది ఆ కోర్టు ఇష్టం. మాగాణి మీద తగాదా ఎవరి విచక్షణనో నమ్ముకోకుండా, చట్టం రాసే చోటే తేల్చేయడం మేలు.

జడ్జి: షరతు విక్రయం సంగతి మీకు వదిలేస్తాను. మిగతావి కాదు. ఇవాళ తనఖా తగాదాల్లో ఎక్కువ భాగం మన కోర్టుల్లోనే లేవన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. తాకట్టు ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది కాబట్టి మీ రైతులు ఇంకా సివిల్ కోర్టుకు వస్తున్నారు. ఇల్లో, షెడ్డో, ప్లాటో బ్యాంకుకు తాకట్టు పెట్టినవారు డెట్ రికవరీ ట్రైబ్యునల్‌కు వెళ్తున్నారు. బ్యాంకు బాకీ వసూలుకు ట్రైబ్యునల్ గీత ఒకప్పుడు 10 లక్షలు, 2018 నుంచి 20 లక్షలు. అదీ అప్పు మీద కట్టిన గీతే.

ప్లీడరు: అక్కడ అప్పు కొలత ఏం చేస్తోందో చూడండి మరి. 2002 సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటుంది, వేలం వేస్తుంది. ఇంటాయన 17వ సెక్షన్ కింద ట్రైబ్యునల్‌కు వెళ్తాడు, ఓడిపోతాడు. 18వ సెక్షన్ కింద అప్పీలు వేయాలంటే బాకీలో సగం కట్టాలి. బ్యాంకు చెప్పినదో, ట్రైబ్యునల్ తేల్చినదో, ఏది తక్కువైతే దాంట్లో సగం. అప్పీలు ట్రైబ్యునల్ దయ తలిస్తే కారణాలు రాసి పాతిక శాతానికి తగ్గించొచ్చు, అంతకు తగ్గడానికి వీల్లేదు. పూర్తిగా మాఫీ చేయడం కుదరదని 2011లో నారాయణ్ చంద్ర ఘోష్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. విశాఖపట్నంలో ఇల్లు పోగొట్టుకున్నవాడు ఆ డబ్బు మూటగట్టుకుని కలకత్తా అప్పీలు ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ఇది దారా, తలుపా?

జడ్జి: తలుపే. దాన్ని నేను సమర్థించను. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో, మొదటి మెట్టులోనే 75 శాతం కట్టమన్న నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎక్కడా విచారణ జరగకముందే అంత కట్టమనడం అన్యాయం అంది. తరవాత పార్లమెంటు ఆ భారాన్ని మొదటి మెట్టు నుంచి తీసి రెండో మెట్టు మీద పెట్టింది, అంతే. బ్యాంకుల వాదన నాకు తెలుసు: ఈ షరతు లేకపోతే ప్రతి ఎగవేతదారూ అప్పీలు వేసి ఏళ్ల తరబడి సాగదీస్తాడు, ఆగిపోయేది డిపాజిటర్ల డబ్బు. ఆ మాటలో నిజముంది. అయితే సాగదీత వల్ల బ్యాంకుకు ముప్పు ఎప్పుడు? చేతిలో ఉన్న ఆస్తి బాకీకి చాలనప్పుడే. బాకీ 40 లక్షలు, ఇల్లు 90 లక్షలు అయితే, ఆ ఇల్లు బ్యాంకు స్వాధీనంలోనే ఉంటే, ఇంకో 20 లక్షలు నగదుగా తెమ్మని అడగడానికి ఆధారమేముంది? అక్కడ మాత్రం ఆస్తి విలువ చూడాలి.

ప్లీడరు: ఇంతసేపూ ఆస్తి విలువ కట్టలేమన్నది మీరే కదండీ. ఇప్పుడు ఎవరు కడతారు?

జడ్జి: ఎవరూ కొత్తగా కట్టక్కర్లేదు. వేలం వేయాలంటే 2002 నిబంధనల ప్రకారం బ్యాంకు ఆథరైజ్డ్ ఆఫీసరు ముందే ఆమోదం పొందిన వాల్యుయర్ చేత విలువ కట్టించాలి, రిజర్వు ధర పెట్టాలి, దాన్ని వేలం నోటీసులో చూపించాలి. ఆ అంకె బ్యాంకు సొంత నోటితో చెప్పింది, కాగితం మీద ఉంది, దానికి కమిషనరు అక్కర్లేదు, పక్క పొలాల రిజిస్ట్రేషన్లు అక్కర్లేదు. అప్పు అంకెలో నేను మెచ్చే నిలకడంతా దాంట్లోనూ ఉంది.

ప్లీడరు: బ్యాంకు రిజర్వు ధర తక్కువ పెడుతుంది. త్వరగా అమ్ముడుపోవాలని. 90 లక్షల ఇంటికి 50 అని వేస్తుంది.

జడ్జి: వేయనివ్వండి. బాకీ 40 అయినప్పుడు 50కి వేసినా బాకీకి మించే ఉంది, అప్పీలుదారు పైసా కట్టక్కర్లేదు. 30కి వేసిందనుకోండి, లోటు 10 లక్షలే కదా, ఆ పది లక్షలకే హామీ అడగమనండి, సగం బాకీకి కాదు. అప్పుడు బ్యాంకు 30 అని వేయాలంటే, ఆ ఇల్లు 30కే పోతుందని తనే అప్పీలు ట్రైబ్యునల్ ముందు ఒప్పుకుని నిలబడాలి.